కంపెనీవాడి చెవులు

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు చెన్నై నుంచి స్పోర్ట్స్ కారులో కోవూరు వచ్చాడు. మా వీధి స్పీడుబ్రేకర్ల మీద పొట్ట ఆనించుకుంటూ అది ఇంటి ముందుకు చేరేసరికి పిల్లలంతా దాని వెనకే ఉన్నారు. వాడి ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఏంది మామా, ఇంత డబ్బు పోసి కొన్నా, సౌండు పెంచితే బేసు చచ్చిపోతుండాది. కంపెనీవాళ్లు ఆంప్లిఫయరును కావాలనే తొక్కిపెట్టారు. రేపు నెల్లూరు పోయి పీకించేసి వేరేది పెట్టిస్తా" అన్నాడు.

కంపెనీ అమర్చిన కొలతలన్నీ మనల్ని కట్టడి చేయడానికేనన్న అనుమానం చాలామందిలో ఉంది. అందులో సగమే నిజమని నా అభిప్రాయం.

కారు సంగీతం కోసం కట్టిన గది కాదు. చుట్టూ గాజు, కింద తివాచీ, మధ్యలో తోలు సీట్లు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక కుడి తలుపులోని స్పీకరు మోకాలి పక్కనే ఉంటుంది, ఎడమది దూరంగా ఉంటుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే మీటరు దూరం తేడాకు సుమారు 3 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆ కాస్త తేడాకే గాయకుడు ఎదుట నిలబడి కాక తలుపులోంచి పాడుతున్నట్టనిపిస్తుంది. అందుకే మంచి ఆంప్లిఫయరులో దగ్గరి స్పీకరు ధ్వనిని ఆ మేరకు ఆపి వదులుతారు. గాజుకు తగిలి గీపెట్టే స్వరాలను తగ్గిస్తారు. వంగదేశపు తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్ స్థాపించిన సంస్థ, జనరల్ మోటార్స్‌తో కలిసి, 1983 నమూనా క్యాడిలాక్ సెవిల్ వంటి కార్లలో చేసినది ఇదే: ఏ కారుకు ఆ కారుగా ధ్వనిని కుదర్చడం.

ఇక బేసు సంగతి. ధ్వని తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్వరాలు సరిగా ఆనవని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. అందుకే చాలా కంపెనీ ఆంప్లిఫయర్లు ధ్వని తక్కువగా ఉన్నప్పుడు బేసును పెంచి, ధ్వని పెరిగేకొద్దీ తగ్గిస్తాయి. తలుపులో ఇమిడిన చిన్న స్పీకరు అంతకుమించి కదలలేదు. మావాడు పీడన అనుకున్నది నిజానికి రక్షణ.

దీన్ని పీకి వేరేది పెట్టినవారు సాధారణంగా చేసే పొరపాటు, గెయిన్ మరను రెండో వాల్యూమ్ మర అనుకోవడం. వచ్చే సంకేతానికీ ఆంప్లిఫయరుకూ పొత్తు కుదర్చడమే దాని పని. హద్దు మీరి తిప్పితే ధ్వనితరంగాల శిఖరాలు తెగిపోతాయి. పాట బొంగురుపోతుంది, స్పీకరు తీగచుట్ట వేడెక్కి కాలిపోతుంది.

మరి నిజమైన ఆ మిగతా సగం ఏమిటి? కంపెనీవాడు తాను చేసింది మనకు చెప్పడు. బేసు మరను సున్నా దగ్గర ఉంచితే పాట ఉన్నదున్నట్టు వస్తోందని మనం నమ్ముతాం. ఆ సున్నా వాడి సున్నా. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజను మోతను సైతం స్పీకర్ల ద్వారా వినిపించారు! వాడి చెవులను మనకు తొడిగితే తొడగనీ, ఆ మాట మాన్యువల్లో ఒక పుటలో రాస్తే ఏం పోయింది? వద్దనుకుంటే ఆపుకొనే మీట ఒకటి ఇస్తే ఏం పోయింది? డబ్బిచ్చి కొన్నవాడికి దిద్దుబాటు ఎంత జరిగిందో తెలుసుకునే హక్కుంది. ఆ చెప్పకపోవడమే మావాడిలో అనుమానాన్ని నాటింది.

వాడి ఫోను అడిగి చూశాను. అందులోనూ బేసు పెంచే అమరిక నిండుగా ఉంది. అంటే పెంచినదాన్నే కారు మళ్లీ పెంచుతోంది, ఆపై భయపడి తగ్గిస్తోంది. ఫోనులోది తీసేయించి, మరలన్నీ నడిమికి తెచ్చి, పెన్నా వంతెన దాకా పోతూ మన నెల్లూరు బాలు పాడిన శంకరాభరణం పాటలు పెట్టాం. మృదంగం నాదం విడిగా, స్పష్టంగా వినిపించింది. వంతెన దాటేదాకా మావాడు మాట్లాడలేదు.

ఆ మర్నాడు వాడు నెల్లూరు పోలేదు. తరవాత ఆంప్లిఫయరు మార్పించాడేమో నేనడగలేదు. మార్పించినా, ఏది పోగొట్టుకుంటున్నాడో తెలిసే మార్పించి ఉంటాడు.