హెడ్‌సెట్ల కన్నా ముందు నెట్‌వర్క్: రాయచెర్లు శిక్షణ గదికి ఒక ప్రతిపాదన

సంస్థలు కొనే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తలకు పెట్టుకున్నవారి మాట వినదు, నిర్వాహకుడి మాట వింటుంది. ఏ పాఠం తెరుచుకోవాలి, ఏ అప్‌డేట్ ఎప్పుడు దిగాలి, ఏ వై-ఫైకి కలవాలి అన్నవన్నీ ఆర్బర్ ఎక్స్‌ఆర్, మేనేజ్ ఎక్స్‌ఆర్ వంటి నిర్వహణ సాఫ్ట్‌వేర్ నుంచి ఇరవై, ముప్పై హెడ్‌సెట్లకు ఒకేసారి అందుతాయి. శిక్షణ గదుల్లో వాడే హెడ్‌సెట్లలో సాధారణంగా సిమ్ ఉండదు. కనుక ఆ ఆదేశాలు చేరే దారి వై-ఫై ఒక్కటే. అది తెగిన రోజున నిర్వహణ ఉండదు, ఒక్కొక్క హెడ్‌సెట్‌నూ తలకు తగిలించుకుని చేత్తో సరిచేయడమే మిగులుతుంది. రాయచెర్లు పరిసరాల్లో సౌర విద్యుత్ పనులు నేర్పడానికి ఇలాంటి గది పెట్టదలచినవారు ముందు నెట్‌వర్క్ వేసి, పరీక్షించి, ఆ తరువాతే హెడ్‌సెట్లకు ఆర్డరివ్వాలన్నది ఈ కరపత్రం వాదన.

గది రాయచెర్లులోనే ఎందుకంటే, పని అక్కడే ఉంది. పావగడ సోలార్ పార్కుకు భూమినిచ్చిన ఐదు ఊళ్లలో రాయచెర్లు ఒకటి; తక్కినవి తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకుని ఉన్న పావగడ అనే ఈ కర్ణాటక తాలూకాలో వేరుశనగ పైరూ కరువూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. 2015లో ఏర్పడిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఇక్కడ సుమారు 13,000 ఎకరాలను కొనకుండా కౌలుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. మొదటి 600 మెగావాట్లు 2018 ఆరంభంలో మొదలయ్యాయి. 2019 చివరికి పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది.

కౌలు డబ్బు భూమి ఉన్నవారికి అందుతుంది. భూమి లేని కూలీలకూ, చదువు ముగించిన పిల్లలకూ పార్కులో సులభంగా దొరికే పనులు సౌర పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. జీతం పెరిగే పనులు వేరే ఉన్నాయి: ఇన్వర్టర్ గదిలో లోపం పట్టడం, కేబుల్ కనెక్టర్లు సరిచూడడం, వరుసగా కలిపిన పలకల గొలుసు, అంటే స్ట్రింగ్, వోల్టేజీ కొలవడం. పెద్ద సౌర కేంద్రాల్లో ఒక స్ట్రింగ్ డీసీ వోల్టేజీ 1,000 నుంచి 1,500 దాకా ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది, దానికి స్విచ్చి లేదు. లోడు నడుస్తుండగా కనెక్టరు ఊడదీస్తే లేచే డీసీ ఆర్క్, ఏసీ ఆర్క్ లాగా తనంతట తాను ఆరదు. ఈ తప్పును నిజమైన పలక మీద చేయించి నేర్పడానికి వీల్లేదు. హెడ్‌సెట్‌లో ఎన్నిసార్లయినా చేయించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన సూర్యమిత్ర శిక్షణ వంటి పాఠ్యక్రమానికి ఇది మంచి తోడు. తోడు మాత్రమే, స్పానరు బిగువు చేతికి తెలియాలంటే నిజమైన పలకే కావాలి.

కర్ణాటకలో ఈ ఆలోచనకు నేల సిద్ధంగానే ఉంది. 2022 జూన్‌లో ప్రధానమంత్రి బెంగళూరులో 150 ప్రభుత్వ ఐటీఐలను టెక్నాలజీ హబ్‌లుగా జాతికి అంకితం చేశారు. పార్కులో ప్లాంట్లు నడిపే కంపెనీల్లో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చేవి సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, అందులోనూ తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. డబ్బుకు దారి ఉంది. చిక్కల్లా ఆ డబ్బు మొదట ఎక్కడికి పోతుందన్న దగ్గరే. హెడ్‌సెట్ పెట్టుకున్న విద్యార్థి ఫొటో వార్షిక నివేదికలో ముచ్చటగా ఉంటుంది. గోడలోంచి పోయిన కేబుల్‌ను ఎవరూ ఫొటో తీయరు. హెడ్‌సెట్లు ముందు దిగి, ఆఫీసు రూటరుకు వాటిని తగిలించి, నెల తిరిగేసరికి బీరువాలో పెట్టి తాళం వేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

మొదట తేల్చుకోవలసింది ఇంటర్నెట్ లైను. ఇరవై హెడ్‌సెట్లలో 2 గిగాబైట్ల పాఠం ఒకటి దింపాలంటే మొత్తం 40 గిగాబైట్లు, అంటే 320 గిగాబిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల లైను పూర్తి వేగంతో నడిచినా 53 నిమిషాలు పడుతుంది. అది తరగతి వేళ జరిగితే ఆ పీరియడ్ పోయినట్టే. 360 డిగ్రీల వీడియోను నేరుగా ఇంటర్నెట్ నుంచి చూపించాలంటే ఒక్కో హెడ్‌సెట్‌కు 25 మెగాబిట్ల చొప్పున ఇరవైకి 500 కావాలి. పల్లె లైను మీద అది పగటి కలే. కాబట్టి పాఠాలన్నీ ముందుగానే హెడ్‌సెట్లలో నిల్వ ఉండాలి, తరగతి జరిగేటప్పుడు ఇంటర్నెట్ మీద బరువు దాదాపు ఉండకూడదు, అప్‌డేట్లు రాత్రిపూట ఐదారు హెడ్‌సెట్ల చొప్పున దిగాలి. ఇలా ఏర్పాటు చేస్తే 100 మెగాబిట్ల ఫైబర్ చాలు. 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో మొదలై భారత్‌నెట్‌గా మారిన పథకం గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడానికే పుట్టింది. పంచాయతీ ఆఫీసు నుంచి శిక్షణ గదికి దూరం 100 మీటర్లు దాటితే మాత్రం రాగి కేబుల్ పనికిరాదు, ఆ మధ్య దూరానికీ ఫైబరే లాగాలి.

గాలిలో నడిచే భాగం విషయంలో రాయచెర్లుకు బెంగళూరు కంటే మేలైన స్థితి ఉంది. అపార్టుమెంట్ల మధ్య ఒక్కో ఛానల్ మీద పదిమంది వై-ఫైలు తోసుకుంటాయి, ఇక్కడ ఆ రద్దీ లేదు. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌ల మేర లైసెన్సు అవసరం లేకుండా తెరిచింది. హెడ్‌సెట్లకు ఈ బ్యాండే వాడాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని ఛానళ్లు మూడే. పైగా బ్లూటూత్ కంట్రోలర్లు కూడా ఆ బ్యాండులోనే మాట్లాడుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లోనూ మధ్యనున్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం తగిలిందనిపిస్తే గదిలో వై-ఫై పంచే పెట్టె, అంటే యాక్సెస్ పాయింట్, ఆ ఛానల్ వదిలి వేరొకదానికి మారుతుంది, ఆ కాసేపు తరగతి మొత్తం తెగిపోతుంది. ఆ బెడద లేకుండా 80 మెగాహెర్ట్జ్ వెడల్పున దొరికే చోట్లు రెండు: 36 నుంచి 48 దాకా, 149 నుంచి 161 దాకా. ఇరవై హెడ్‌సెట్ల గదికి కావలసిన యాక్సెస్ పాయింట్లు కూడా రెండే కాబట్టి లెక్క చక్కగా కుదిరింది. క్వెస్ట్ 3 వంటి హెడ్‌సెట్లు 6 గిగాహెర్ట్జ్‌లో కూడా పనిచేస్తాయి, దాని దిగువ భాగానికి లైసెన్సు తీసివేసేందుకు 2025 మేలో ముసాయిదా నిబంధనలు వచ్చాయి. ఈ గది మాత్రం ఆ బ్యాండు మీద ఆధారపడనక్కర్లేదు.

యాక్సెస్ పాయింట్లు శిక్షణ గదిలోపలే, పైకప్పుకే ఉండాలి. పావగడ వైపు మందపాటి రాతి గోడ దాటి పక్క గదిలోకి 5 గిగాహెర్ట్జ్ సంకేతం సరిగా వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. రెండింటికీ కేబుల్ విడివిడిగా రావాలి. ఒకదాని సంకేతాన్ని మరొకటి గాలిలో అందుకుని పంచే రిపీటర్ పద్ధతి ఇంట్లో సినిమా చూడడానికి సరిపోతుందేమో గానీ ఇక్కడ పనికిరాదు. చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి: హెడ్‌సెట్లను ఛార్జింగ్ పెట్టే ఇనుప బీరువా తలుపు మూస్తే సంకేతం లోపలికి సరిగా పోదు, రాత్రి దిగవలసిన అప్‌డేట్లు దిగవు. జాలీ తలుపున్న చెక్క బీరువా చాలు. గదికి కిటికీ తెరలూ తప్పనిసరి. లెన్సు ద్వారా సూర్యకాంతి నేరుగా లోపలికి పడితే లోపలి తెర కొద్దిసేపట్లోనే కాలి మచ్చపడుతుంది. ఎండను నమ్ముకున్న ఊళ్లో ఈ మాట గది తలుపు మీదే రాసి పెట్టడం మంచిది.

ఓటీపీ అడిగే పేజీ ఉన్న పబ్లిక్ హాట్‌స్పాట్లకు ఈ హెడ్‌సెట్లను కలపాలని చూడకూడదు. ఒకే పాఠానికి తాళం వేసి ఉంచిన హెడ్‌సెట్‌లో ఆ పేజీ కనబడేందుకు చోటే ఉండదు. వాటికి వేరే పేరుతో, వేరే వీ-ల్యాన్‌లో, ఆఫీసు కంప్యూటర్లకు దారి లేని నెట్‌వర్క్ కావాలి. విశ్వవిద్యాలయాల్లో ప్రతి పరికరానికీ సర్టిఫికెట్ ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి వాడతారు. ఇరవై హెడ్‌సెట్ల గదికి అదనపు సర్వరు పెట్టి దాన్ని కాచుకోవడం దండగ. నిర్వహణ సాఫ్ట్‌వేర్ ద్వారానే పంపే, విద్యార్థుల కంట పడని, పొడవైన పాస్‌వర్డ్ సరిపోతుంది. ఒక పరికరం మరొక దానితో మాట్లాడకుండా ఆపే ఐసోలేషన్ సెట్టింగును ఈ నెట్‌వర్క్‌లో తీసేయాలి. లేకుంటే విద్యార్థి ఏం చూస్తున్నాడో ఉపాధ్యాయుడి ట్యాబ్‌లో కనిపించదు, ఆ చూపు లేనిదే పాఠం నడవదు. హెడ్‌సెట్లు తమ మ్యాక్ అడ్రసును మార్చుకుంటూ ఉండవచ్చు గనుక ఆ అడ్రసుల జాబితాతో వడకట్టడం కూడా వద్దు. ఫైర్‌వాల్ ఉంటే నిర్వహణ సాఫ్ట్‌వేర్ సర్వర్లను పేరు ద్వారా అనుమతించాలి. బయటికి 443 పోర్టుతో పాటు గడియారం సరిచేసే 123 కూడా తెరిచి ఉండాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి గడియారం తప్పిన హెడ్‌సెట్ భద్రతా సర్టిఫికెట్లను నమ్మదు. వై-ఫైకి కలిసినట్టే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

పాస్‌వర్డ్ మార్చే రోజు అసలు పరీక్ష. రూటరులో ముందు మార్చేస్తే పాత పాస్‌వర్డ్‌తో ఉన్న హెడ్‌సెట్లన్నీ ఒక్కసారిగా బయట పడతాయి, కొత్తది పంపడానికి వాటికి దారే మిగలదు. కొత్త పాస్‌వర్డ్‌తో రెండో నెట్‌వర్క్ మొదట లేపి, దాని వివరాలు పాత నెట్‌వర్క్ మీదుగా హెడ్‌సెట్లన్నిటికీ పంపి, అన్నీ చేరాయని తెర మీద చూసుకున్నాకే పాతదాన్ని ఆపాలి. ఈ క్రమాన్ని కాగితం మీద రాసి గదిలో ఉంచడానికి పైసా ఖర్చు కాదు. పరికరాలు సరఫరా చేసేవారు మాత్రం దీన్ని చెప్పకుండా వెళ్లిపోతుంటారు.

కరెంటు సంగతి. పక్కన పుట్టే 2,050 మెగావాట్లు గ్రిడ్‌కు పోతాయి. ఊరి సరఫరా విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కాం ఫీడరు మీదే ఆధారపడుతుంది. ఫైబర్ పెట్టె, రూటరు, స్విచ్చి, రెండు యాక్సెస్ పాయింట్లు అన్నీ కలిసి వంద వాట్లు దాటవు. చిన్న యూపీఎస్ వాటిని నిలబెడుతుంది. గదిలోని పరికరాలకు యూపీఎస్ ఇచ్చి పంచాయతీ ఆఫీసులోని ఫైబర్ పెట్టెను మరిచిపోతే మాత్రం చేసినదంతా వృథా.

పంచాయతీ గానీ, ఐటీఐ గానీ, విరాళమిచ్చే కంపెనీ గానీ కొనుగోలు పత్రంలో రాయవలసిన షరతు ఇది. నెట్‌వర్క్‌కూ హెడ్‌సెట్లకూ వేర్వేరు ఆర్డర్లు ఉండాలి. మొదటిది అంగీకార పరీక్ష నెగ్గేవరకు రెండోది విడుదల కాకూడదు. పరీక్షకు అరువు తెచ్చిన ఇరవై ఫోన్లు చాలు: ఇరవైలోనూ ఒకేసారి ఫైలు దింపాలి, గది నాలుగు మూలల్లో వేగం కొలవాలి, మెయిన్ ఆపి అరగంట యూపీఎస్ మీద నడపాలి, ఉపాధ్యాయుడి ట్యాబ్‌కు తెర పంపి చూడాలి. పద్దెనిమిదేళ్లు నిండని విద్యార్థులుంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగే తల్లిదండ్రుల అనుమతి పత్రం కూడా అప్పుడే సిద్ధం చేయాలి. నిర్వహణ సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్ బిల్లు, యూపీఎస్ బ్యాటరీ మార్పిడి ఏటా వచ్చే ఖర్చులు కాబట్టి కనీసం మూడేళ్లకు సరిపడా మొత్తం మొదటి మంజూరులోనే ఉండాలి. నెట్‌వర్క్ తాళంచెవులు సరఫరాదారు దగ్గర కాక, ఐదు ఊళ్లలో ఒకదానికి చెందిన, జీతమిచ్చి నియమించిన ఒక టెక్నీషియన్ చేతిలో ఉండాలి.