అడగడం తలవంపు కాదు

‘దరఖాస్తు పంపాము, పిలుపు రాలేదు’ అన్న మాటతో మన పిల్లల ప్రయత్నాలు ఎన్నో అక్కడికక్కడే ఆగిపోతున్నాయి. తెనాలి అయినా, బాపట్ల అయినా, రేపల్లె అయినా, ఆ మౌనానికి మన ఇళ్లలో చెప్పుకునే కారణాలు రెండే. ఒకటి, మనకు సిఫారసు లేదు. రెండు, మన పేరు చూసి పక్కన పెట్టారు. నా దరఖాస్తు ఏమయిందని మర్యాదగా ఒక లేఖ రాయడం మాత్రం మనకు తోచదు. తోచినా, అది దేబిరించడమవుతుందేమోనని సంకోచిస్తాము.

పేరు గురించిన అనుమానం నిరాధారమని మేము అనము. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమానమైన అర్హతలతో పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు సంస్థలకు దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం చాలా తక్కువని తేలింది. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ హబీబా అలీ, ప్రియాంకా శర్మ అనే రెండు కల్పిత పేర్లతో, ఒకే విధమైన అర్హతలతో వెయ్యి ఉద్యోగాలకు దరఖాస్తులు పంపింది. ప్రియాంకకు 208 అనుకూల స్పందనలు రాగా, హబీబాకు వచ్చినవి 103.

వివక్ష ఉన్నదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. అయితే హబీబాకు వచ్చిన ఆ 103 కూడా పిలుపులే. వివక్షను గుర్తించడం వేరు, ప్రతి మౌనమూ వివక్షేనని తలచి ప్రయత్నం మానుకోవడం వేరు. నియామకమే వాయిదా పడి ఉండవచ్చు. ఒక ధ్రువపత్రం జతపరచకపోయి ఉండవచ్చు. అమ్మాయి దరఖాస్తులో తండ్రి ఫోన్ నంబరు ఇవ్వగా, పనిలో ఉన్న ఆయన ఫోను ఎత్తకపోయి ఉండవచ్చు. అడిగితే తప్ప ఏది నిజమో తెలియదు.

అడగడానికీ ఒక పద్ధతి ఉన్నది. గడువు ముగిసిన వారం పది రోజులకు, ‘ఫలానా తేదీన ఫలానా ఉద్యోగానికి దరఖాస్తు పంపాను. ఎంపిక ఏ దశలో ఉన్నదో దయచేసి తెలియజేయగలరు’ అని రాసి, కింద పేరు, ఫోన్ నంబరు ఇస్తే చాలు. జవాబు రాకపోతే మరో పది రోజులకు ఇంకొకసారి రాయవచ్చు. అంతకు మించి రోజూ ఫోన్లు చేయడం, పెద్దమనుషులను వెంటబెట్టుకుని వెళ్లడం మేలుకన్నా కీడే చేస్తుంది. ఉత్తరమైనా ఈమెయిలైనా నకలు దాచుకోవాలి.

ప్రభుత్వ నియామకాలలోనైతే అడగడం మన హక్కు. బీసీ-ఈ జాబితాలోని ముస్లిం వర్గాలకు రాష్ట్రంలో ఉన్న 4 శాతం రిజర్వేషన్ 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతున్నది. ఆ కోటా ఎంపిక జాబితాలో ఎలా అమలైందో, తనకు ఎన్ని మార్కులు వచ్చాయో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజులలో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నది. కనుక జిల్లా స్థాయి ఉద్యోగమైతే, అర్జీ ఏ జిల్లా కార్యాలయానికి వెళ్లాలో ముందుగా చూసుకోవాలి.

మన మసీదు కమిటీలకు, యువజన సంఘాలకు మా విన్నపం ఒక్కటే. నెలకొకసారి జుమా నమాజు తర్వాత ఒక గంట కేటాయించి, పిల్లల చేత ఈ లేఖలు రాయించండి. ఎవరు ఎక్కడ దరఖాస్తు చేశారో, ఎప్పుడు అడిగారో, ఏ జవాబు వచ్చిందో వారి అనుమతితో ఒక పుస్తకంలో నమోదు చేయండి. ప్రైవేటు కొలువులలో మతవివక్షను అడ్డుకునే సమగ్ర చట్టం కావాలని మనం కోరుతున్నాము. ఆ కోరికను ఎవరి ముందైనా నిలబెట్టేది మన ఆవేదన ఒక్కటే కాదు, తేదీలతో సహా మనం భద్రపరచిన ఆ కాగితాలు.