మైసమ్మకి మనం పెట్టిన పేరు

మస్కట్‌లో ఉండే తెలుగువాళ్లకి హమ్రియా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: రువీ పక్కనే, పాత బిల్డింగులు, ఇరుకు సందులు, ఒక్కో గదిలో ఐదారుగురు సర్దుకుని ఉండే మనవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. శుక్రవారం సాయంత్రం వెళ్తే సిరిసిల్ల యాసా, కడప యాసా, గోదావరి యాసా ఒకే టీ కొట్టు ముందు వినిపిస్తాయి. ఏసీ గదిలో కూర్చుని సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ వెలగబెట్టే నాలాంటివాడు అక్కడికి వెళ్లేది రెండే పనులకి. ఒకటి చవగ్గా క్షవరం, రెండు మిర్చిబజ్జీ.

మొన్నో శుక్రవారం మా అమ్మాయిని కూడా తీసుకెళ్లాను. దాని చేతిలో ఎప్పుడూ ఉండే పుస్తకమే, పెర్సీ జాక్సన్. క్షవరం కోసం కూర్చున్న బెంచీ మీద మా పక్కన ఒకాయన. సిరిసిల్ల వైపు మనిషి. పద్నాలుగేళ్లుగా ఇక్కడే తాపీ పని. పిల్ల ముచ్చటేసిందేమో, "గదేం బుక్కు బిడ్డా?" అని అడిగాడు. ఇది వచ్చీరాని తెలుగులో హెకాటీ గురించి చెప్పింది. మూడు దారులు కలిసేచోట ఉండే గ్రీకు దేవత, చీకటి రాత్రి ఆమెకి అన్నం పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేయాలి అని.

ఆయన మొహం వెలిగింది. "మా మైసమ్మ లెక్కనే ఉన్నది గద!" అన్నాడు.

అమ్మాయి నా వైపు తిరిగి మైసమ్మ ఎవరని అడిగింది. నేను ఫోన్ లోంచి తలెత్తకుండా "ఏం లేదులే, ఏదో లోకల్ సూపర్‌స్టిషన్" అన్నాను. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో బతికిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదా? ఆయన ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఒక్క మాట నన్ను పది రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను. తిట్టేది ముందు నన్ను నేనే. ఆ తర్వాత మీరు కూడా కొంచెం పంచుకోండి.

హెకాటీ "మైథాలజీ" ఎలా అయింది? మైసమ్మ "సూపర్‌స్టిషన్" ఎలా అయింది? తేడా ఏమిటో నాకు ఎవరైనా చెప్తారా? ఏథెన్స్‌లో అమావాస్య రాత్రి హెకాటీకి కూడళ్లలో భోజనం పెట్టేవారు. ఆ తిండిని ఆకలిగొన్న పేదలు ఎత్తుకుపోయి తినేవారని అరిస్టోఫనీస్ తన నాటకంలో ఎకసెక్కెం కూడా చేశాడు. మన ఊళ్లలో దిష్టి తీసిన అన్నం మూడు దారుల్లో పెట్టడం చూడనివాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? గ్రీసులో ఇళ్ల ముందు, కూడళ్లలో, సరిహద్దుల్లో 'హెర్మ్' అని నలుపలకల రాయి ఉండేది, పైన ఒక తల. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రకి ముందు ఎవరో ఒక్క రాత్రిలో ఆ రాళ్లని పగలగొడితే ఏథెన్స్ నగరం మొత్తం వణికిపోయింది, విచారణలూ మరణశిక్షలూ జరిగాయి. మన ఊళ్లో అమ్మవారి ముందు కాపలా ఉండే పోతరాజు రాయిని ఎవరన్నా పగలగొడితే మనకి వార్తే కాదు. డెల్ఫీలో ప్రపంచానికి బొడ్డు అని ఒక రాయిని పూజించేవారు. టూరిస్టు గైడు చెప్తే నోరెళ్లబెట్టి ఫోటో తీసుకుంటాం. మన తెలంగాణలో ఊరూరా నడిబొడ్డున బొడ్రాయి ఉంటుంది. దాని మీద చెప్పులు విప్పకుండా నడిచి వెళ్తాం.

పురుళ్ల దేవత ఐలీథియా సంగతి వినండి. క్రీటు ద్వీపంలో దొరికిన మూడు వేల ఏళ్లకు పైబడిన మట్టి పలక మీద, ఆమ్నిసోస్‌లో ఆమెకి ఒక కుండ తేనె అని లెక్క రాసుంది. ఎవరో గుమాస్తా రాసుకున్న పద్దు అది. ఆ పద్దు మీద పండితులు వ్యాసాలు రాశారు. మా నాయనమ్మ ఏటా కుండలో అంబలి మోసుకెళ్లి పోసిన అమ్మవారికి ఆ పద్దు కూడా లేదు.

మన పండిత భాషలో వీళ్లకో పేరుంది: క్షుద్ర దేవతలు. సంస్కృతంలో క్షుద్రం అంటే చిన్నది. మన తెలుగు సినిమాల పుణ్యమా అని ఇప్పుడు ఆ మాట వింటే పుర్రెలు, నిమ్మకాయలు గుర్తొస్తాయి. మశూచికి దేశమంతా గజగజలాడిన రోజుల్లో పిల్లవాడి పక్కన వేపమండ పట్టుకుని కూర్చున్న తల్లికి తోడున్నది ఈ అమ్మవారే. చెరువు తెగకుండా కట్ట మీద కూర్చున్నది మైసమ్మే. బతుకుల్ని కాచిన దేవతలకి చేతబడి పేరు అంటగట్టాం.

ఇక్కడ నాకు రెండో రకం మిత్రులు అడ్డం వస్తారు. "అబ్బే, మేం గౌరవిస్తాం. పోచమ్మ అంటే సాక్షాత్తూ పార్వతీదేవే కదా" అంటారు. వీళ్లతోనే నాకు అసలు పేచీ. పోచమ్మ పోచమ్మగా ఉంటే ఏం తక్కువైంది? ఎల్లమ్మని రేణుక అనడం పాతదే. ఆ కథని బైండ్ల కళాకారులే జమిడిక వాయించి చెప్తారు, అది వాళ్ల సొంతం. నేననేది వేరే. గద్దె తీసేసి గోపురం కట్టి, తరతరాలుగా పూజ చేసిన కుమ్మరినో చాకలినో బయట నిలబెట్టి, బోర్డు మీద పాత పేరు చెరిపి పొడుగాటి పేరు రాసే సంస్కరణ సంగతి.

గ్రీసులో ఇదే జరిగింది. క్రీటులో బ్రిటోమార్టిస్ అని కొండల దేవత ఉండేది. ఐలీథియా సంగతి చెప్పాను కదా. ఇద్దర్నీ కాలక్రమంలో ఆర్టెమిస్ మింగేసింది. ఈజినా ద్వీపంలో ఒక పెద్ద గుడి, క్రీ.పూ. 500 ప్రాంతానిది, స్తంభాలతో సహా ఇవాళ్టికీ నిలబడి ఉంది. 1811లో అక్కడి శిల్పాలు ఊడదీసినవాళ్లు అది జ్యూస్ గుడి అనుకున్నారు. అంత పెద్ద గుడి ఇంకెవరిదై ఉంటుంది మరి! 1901లో తవ్వకాల్లో ఒక పగిలిన శాసనం దొరికాక తెలిసింది, ఆ గుడి అఫైయా అనే దేవతదని. ఆ ఒక్క ద్వీపం దాటితే ఎవరికీ పట్టని స్థానిక దేవత. గుడి మిగిలి, విగ్రహాలు మిగిలి, పేరు పోయింది. ఒక రాతిముక్క దొరక్కపోయుంటే ఈనాటికీ అది జ్యూస్ ఖాతాలోనే ఉండేది.

మన అమ్మవార్లకి శాసనాలు లేవు. ముసలివాళ్ల నోళ్లే వాళ్ల శాసనాలు.

"మరి జంతుబలులు? జోగినులు?" అని అడిగేవాళ్లకి సూటిగా చెప్తాను. ఆడపిల్లని దేవత పేరు మీద ఊరికి వదిలేయడం ఘోరం. 1988లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది, చేయాల్సిందే. ఆ విషయంలో నేను ఏ అమ్మవారినీ వెనకేసుకు రాను. కానీ హోమర్ నిండా ఎడ్లని నరికి దేవతలకి కొవ్వు కాల్చడమే కదా. ఆ పేరాలు చదివి మనం పిల్లల చేతిలోంచి ఇలియడ్ లాక్కోవడం లేదు. చెడ్డ ఆచారాన్ని మాన్పించడానికి దేవత పేరు మర్చిపోనక్కర్లేదు.

వలసొచ్చినవాళ్లం కాబట్టి ఇంకో మాట. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో థ్రేసు నుంచి వచ్చినవాళ్లు తమ దేవత బెండిస్‌ని కూడా తెచ్చుకున్నారు. ప్లేటో 'రిపబ్లిక్' మొదలయ్యేదే సోక్రటీస్ ఆ జాతర చూసి వస్తుండగా. క్రీ.పూ. 333లో సైప్రస్ వర్తకులు అఫ్రొడైటీ గుడికి జాగా అడిగితే, ఈజిప్టువాళ్లకి ఐసిస్ గుడికి ఇచ్చినట్టే ఇస్తామని ఏథెన్స్ సభ తీర్మానించింది. మన సికిందరాబాద్ కథా అంతే. సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి మిలిటరీ పని మీద ఉజ్జయిని వెళ్లాడు. 1813లో ఇక్కడ కలరా. ఊరు చల్లబడితే నీకు గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు, 1815లో చెక్క విగ్రహం తెచ్చి నిలబెట్టాడు అని చెప్తారు. ఇప్పుడు లక్షలమంది వచ్చే లష్కర్ బోనాలకి మూలం ఒక వలస కూలీ మొక్కు.

మస్కట్‌లో మనకి రాజభవనం దగ్గర శివాలయం ఉంది, దార్సెయిట్‌లో కృష్ణ మందిరం ఉంది. ఈ దేశం చల్లగా ఉండాలి. ఇంకో గుడి కావాలని నేను అడగట్లేదు. నేనడిగేది గుడి కంటే చవకైనది.

పది రోజుల తర్వాత మళ్లీ హమ్రియా వెళ్లాను, ఈసారి క్షవరం వంక లేకుండా. ఆయన దొరికాడు. తప్పైందని చెప్పాను. "అయ్యో, గదేం ముచ్చట సార్" అని టీ చెప్పాడు. కాసేపయ్యాక తనే మొదలుపెట్టాడు. వాళ్ల ఊరు మిడ్ మానేరు కింద మునిగిన ఊళ్లలో ఒకటి. "పోచమ్మ గద్దె, బొడ్రాయి, కట్ట మైసమ్మ, అన్నీ నీళ్లల్లనే ఉన్నయి సార్. కాలనీల కొత్త రాయి నిలబెట్టుకున్నం. గని పాత అమ్మలు ఏడుగురున్నరు. ఏడు పేర్లు మా అవ్వకు తెల్సు. నాకు ఐదే యాదికున్నయి." ఆషాఢంలో ఒక ఆదివారం డ్యూటీ దిగాక గదిలో స్టౌ మీదే బెల్లం అన్నం వండి, కింద వేపచెట్టు రెమ్మ తెచ్చి కిటికీలో పెడతాడట. ఐదుగురికి పేరు పెట్టి, మిగతా ఇద్దరికీ "యాది మర్సిన తల్లులారా" అని మొక్కుతాడట.

ఆ జలాశయానికి ఇప్పుడు శ్రీ రాజరాజేశ్వర అని పేరు. వేములవాడ రాజన్న పెద్ద దేవుడే, నాకూ భక్తి ఉంది. కానీ 25 టీఎంసీల నీళ్ల కింద ఉన్న చిన్న పేర్ల మీద పైన ఒకే పెద్ద పేరు తేలుతోందని అనిపించి టీ దిగలేదు.

పెర్సీ జాక్సన్ ఐదో పుస్తకంలో కథ చివరికి ఆ కుర్రాడు దేవతల్ని వరం అడుగుతాడు. మీరు పట్టించుకోని చిన్న దేవతలకి కూడా మా శిబిరంలో చోటివ్వండి అని. మా అమ్మాయికి ఆ ఘట్టం కంఠతా వచ్చు. ఇంటికొచ్చాక నన్నడిగింది, "నాన్నా, మన ఊళ్లో ఎవరున్నారు?" అని.

అమ్మకి ఫోన్ చేశాను. మా వీధి చివర చింతచెట్టు కింద పసుపు పూసిన మూడు రాళ్లుండేవి. నాయనమ్మ అక్కడే అంబలి పోసేది. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "అమ్మవారనేవాళ్లం రా. పేరేదో ఉండాలి. మీ నాయనమ్మకి తెలిసుండేది."

నాయనమ్మ పోయి పదకొండేళ్లు. నేను ఒక్కసారీ అడగలేదు. కాబట్టి ఇది చదివినవాళ్లు ఇవాళే ఇంటికి ఫోన్ చేయండి. డబ్బు పంపిన సంగతీ, బీపీ సంగతీ అయ్యాక, ఊళ్లో ఏ రాయి పేరేమిటో అడిగి రాసి పెట్టుకోండి. పక్కన చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి. హమ్రియాలో ఆయనకి ఇంకా రెండు పేర్లు కావాలి. నాకు ఒకటి కావాలి.