యెమెన్‌లోకి బయటివాళ్లకు తలుపు తీసిందెవరు?

ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడి జరిగిందంటే చాలు, యెమెన్ పేరు మళ్లీ వార్తల్లోకి వస్తుంది. ఆ దేశానికి నైరుతి మూలన బాబ్ అల్ మందబ్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 30 కిలోమీటర్లే. ఆసియా నుంచి సూయజ్ కాలువ మీదుగా యూరప్ వెళ్లే ఓడలన్నీ దీన్ని దాటాల్సిందే. పెద్ద దేశాల కన్ను యెమెన్ మీద పడటానికి ముఖ్య కారణం ఇదే.

ఉస్మానియా తుర్కులు 16వ శతాబ్దంలోనే వచ్చారు. పోర్చుగీసు ఓడలను ఎర్ర సముద్రంలోకి రానివ్వకూడదన్నది వాళ్ల లెక్క. 1839లో బ్రిటిష్‌వాళ్లు ఏడెన్ రేవును ఆక్రమించారు. ఇండియా దారిలో ఆవిరి ఓడలకు బొగ్గు నింపుకునే చోటు వాళ్లకు కావాలి. ఏడెన్‌ను చాలాకాలం బొంబాయి నుంచే పాలించారు. 1967లో గానీ అక్కడి నుంచి కదల్లేదు.

వీళ్లంతా బలంతో వచ్చినవాళ్లు. తర్వాత వచ్చినవాళ్ల సంగతి వేరు. 1962లో ఉత్తర యెమెన్‌లో సైనికాధికారులు ఇమామ్ పాలనను కూల్చి రిపబ్లిక్ ప్రకటించారు. రిపబ్లిక్ వర్గం ఈజిప్టును పిలిచింది. ఇమామ్ వర్గం సౌదీ అరేబియా సాయం తీసుకుంది. నాసిర్ వేల సంఖ్యలో సైనికులను దింపారు. 1967లో ఇజ్రాయెల్ చేతిలో ఓడాక వాళ్లను వెనక్కి పిలిపించుకున్నారు.

అదే కథ మళ్లీ నడిచింది. 2014లో హూతీలు రాజధాని సనాను చేజిక్కించుకున్నారు. అధ్యక్షుడు హాదీ కోరడంతో 2015 మార్చిలో సౌదీ నాయకత్వంలోని కూటమి బాంబు దాడులు మొదలుపెట్టింది. హూతీల వెనుక ఇరాన్ నిలబడింది. 2021 చివరికల్లా ఈ యుద్ధం 3,77,000 మందిని బలి తీసుకుంటుందని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా వేసింది. అందులో దాదాపు 60 శాతం మంది బాంబులకు కాదు, ఆకలికి, రోగాలకు, వైద్యం అందక పోయినవాళ్లే. ఎక్కువమంది పసిపిల్లలు.

2022 ఏప్రిల్‌లో కాల్పుల విరమణ కుదరడంతో జనం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. గాజా యుద్ధం మొదలయ్యాక హూతీలు ఓడలపై దాడులకు దిగారు. 2024 జనవరి నుంచి అమెరికా, బ్రిటన్, ఆ తర్వాత ఇజ్రాయెల్ కూడా యెమెన్‌పై బాంబులు వేశాయి. ఉత్తరాదికి తిండిగింజలు దిగే హుదైదా రేవునూ వదల్లేదు.

హైదరాబాద్‌కు ఇది మరీ పరాయి విషయమేం కాదు. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు నేటికీ బార్కస్‌లో ఉన్నారు. వాళ్ల పెద్దలు వచ్చిన హద్రమౌత్ ఆ దేశంలోదే.

జలసంధిని ఎవరూ పక్కకు జరపలేరు. ఓడలు తిరిగినన్నాళ్లూ పెద్ద దేశాల ఆశ కూడా పోదు. కానీ గత అరవై ఏళ్లలో వాళ్లకు దారి చూపింది యెమెన్ వర్గాల మధ్య పోరే. పక్కవాడిని ఓడించడానికి పిలిచిన చుట్టం తన పని చూసుకుంటాడే తప్ప ఇల్లు చక్కబెట్టడు. యెమెన్ వర్గాలు ఒకరితో ఒకరు కూర్చుని తేల్చుకోనంత కాలం ఏ ఒప్పందమైనా తదుపరి యుద్ధం దాకా విరామమే.