పోరంబోకు మీద ఆట

“గోల్ఫా? డబ్బున్నోళ్ళ ఆట” అని కొట్టిపారేసేవాళ్ళు ఒకవైపు. బాల్కనీలోంచి గోల్ఫ్ కోర్సు కనిపిస్తే చాలు, విల్లాకి ఇంకో కోటి ఎక్కువైనా పెడదామనేవాళ్ళు ఇంకోవైపు. వీళ్ళకీ వాళ్ళకీ పడదనుకుంటాం గానీ, ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: గోల్ఫ్ అంటే గోడ, గోడకో గేటు, గేటుకో సెక్యూరిటీ. ఈ ఇద్దరినీ ఒకసారి సెయింట్ ఆండ్రూస్ తీసుకెళ్ళాలని ఉంది నాకు.

స్కాట్లండ్ తీరంలో సముద్రానికీ పొలాలకీ మధ్య మిగిలిపోయిన ఇసక నేలని లింక్స్ అంటారు. దున్నినా ఏమీ పండదు. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే పోరంబోకు. మనం ఆ మాటని తిట్టు చేసుకున్నాం, వాళ్ళు ఆ నేల మీద ఆట పెట్టుకున్నారు. 1552లో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ అక్కడ కుందేళ్ళు పెంచుకునే హక్కు తీసుకుంటూ, గోల్ఫూ ఫుట్‌బాలూ ఆడుకునే హక్కు ఊరి జనానిదేనని రాసిచ్చాడు. 1797లో అప్పులపాలైన ఊరు ఆ బయలుని పోగొట్టుకుంది. కుందేళ్ళ పెంపకందార్లకీ ఆడేవాళ్ళకీ ఏళ్ళ తరబడి కొట్లాట, కోర్టులు. చివరికి 1894లో చట్టం చేయించుకుని మరీ ఊరు దాన్ని తిరిగి కొనుక్కుంది. ఇవాళ్టికీ ఓల్డ్ కోర్స్ ఏ క్లబ్బు సొత్తూ కాదు. 1974 చట్టంతో ఏర్పడ్డ ట్రస్టు నడుపుతోంది. మొదటి టీ వెనకాల దర్జాగా నిలబడ్డ ఆర్ అండ్ ఏ క్లబ్బు కూడా అక్కడ ఆడుకునేవాళ్ళలో ఒకటి, అంతే.

ఈ ఉమ్మడితనం కాగితాల్లోనే కాదు, ఆటలోనూ ఉంది. బాలెట్‌లో పేరొచ్చి, మొన్న మేలో ఒక శనివారం అక్కడ ఆడాను. ఏడు జంట గ్రీన్లుంటాయి. ఒక్కో దాని మీద రెండు జెండాలు, వెళ్ళేవాళ్ళకొకటి, తిరిగొచ్చేవాళ్ళకొకటి. రెండోదీ పదహారోదీ, మూడోదీ పదిహేనోదీ... ఏ జంట కూడినా పద్దెనిమిదే. ఎదురొచ్చేవాళ్ళని చూసుకుంటూ, ఆగుతూ, దారిస్తూ ఆడాలి. చివరి హోల్లో కొట్టబోతుంటే కాడీ చెయ్యెత్తి ఆపాడు. ఫెయిర్‌వేకి అడ్డంగా గ్రానీ క్లార్క్స్ విండ్ అని ఒక రోడ్డుంది, అందరూ నడిచే రోడ్డు. ఒక పెద్దావిడ కుక్కని తీసుకుని దాని మీదుగా పోతోంది. ఆవిడ కంగారుపడలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. మర్నాడు ఆదివారం, ఆట బందు. ముందురోజు నేను మూడు దెబ్బలు కొడితే గానీ బయటపడని హెల్ బంకర్ చుట్టూ పిల్లలు పరిగెడుతున్నారు.

అలాగని అదేం స్వర్గం కాదు. బయటివాళ్ళకి ఒక రౌండు 300 పౌండ్లు దాటుతుంది. ఆర్ అండ్ ఏ క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోడానికి 2014 దాకా పట్టింది. కానీ ఆ క్లబ్బు తలుపులు మూసుకున్న కాలంలోనూ బయట గడ్డి మీద ఆడవాళ్ళు ఆడుతూనే ఉన్నారు. 1867లోనే వాళ్ళకంటూ ఒక పటింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బు తలుపు క్లబ్బు ఇష్టం. నేలకి తలుపు పెట్టే హక్కు మాత్రం దానికి లేదు. నా వాదనంతా ఈ తేడా గురించే.

ఇప్పుడు మన దగ్గరికి రండి. గోల్కొండ నయా ఖిలా బురుజుల మధ్య గోల్ఫ్ కోర్సుంది. కోట అందరిదీ. లోపలికెళ్ళే దారి కోసం మాత్రం వారసత్వ కట్టడాలని ప్రేమించేవాళ్ళు ఏళ్ళ తరబడి గొడవపడాల్సొచ్చింది. గోల్ఫ్ ఎత్తెయ్యమని నేననను. సర్కారు భూమి మీద ఆడే ప్రతి కోర్సూ వారానికో రోజు గేటు తెరవాలి, జనం నడిచే దారి ఒకటి వదలాలి, చుట్టుపక్కల బస్తీ పిల్లలకి నామమాత్రపు రుసుముతో ఆడే వీలివ్వాలి. “బంతి తగిలితే ఎవరు బాధ్యులు?” అంటారా? ఆదివారం బంతే ఉండదు. మిగతా రోజుల్లో మనిషి దాటేదాకా ఆగడం ఆడేవాడి పని. సెయింట్ ఆండ్రూస్ వెళ్ళొచ్చి స్విల్కన్ వంతెన మీద ఫోటో పెట్టే మన పెద్దమనుషులందరూ చివరి హోల్లో ఆ రోడ్డు దాటే వచ్చారు. దాన్ని కూడా కాస్త చూసొచ్చుంటే బాగుండేది.