తియ్యలేదని రుజువేదీ?

వినాయక చవితినాడు అక్షింతలు చేతిలో పట్టుకుని ఏటా వినే కథే. సత్రాజిత్తు కళ్లారా చూసిందేమీ లేదు. అయినా "కృష్ణుడే నా తమ్ముణ్ణి చంపి శమంతకమణి కాజేశాడు" అనేశాడు. అంతకుముందు కృష్ణుడు ఆ మణి అడిగిన మాట నిజమే, అనుమానం రావచ్చు. కానీ అనుమానం రుజువు కాదుగా! పాపం, అనిపించుకున్న కృష్ణుడే అడవంతా గాలించి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడి మణి తెచ్చివ్వాల్సి వచ్చింది.

ఆయన దేవుడు కాబట్టి నెగ్గుకొచ్చాడు. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి మాటేమిటి? ఉంగరం కనపడదు. "నువ్వు తియ్యలేదని రుజువేమిటే?" అంటాం. తీస్తే చూపించడానికి ఉంగరం ఉంటుంది. తియ్యకపోతే ఏం చూపిస్తుంది, ఖాళీ చేతులు తప్ప? అవి చూపించినా "ఎక్కడో దాచే ఉంటుంది" అంటాం. పని పోతుంది, పక్క వాటాలవాళ్లూ రానివ్వరు. తర్వాతెప్పుడో ఉంగరం సింకు కింద గొట్టం వంపులో దొరికినా ఆ పిల్లకి పోయిన పేరు తిరిగొస్తుందా?

ఈ రకం మాటని గుర్తుపట్టడం తేలికే. ఒకరు ఒకటంటారు, ఆధారం అడిగితే "కాదని నువ్వు చూపించు" అంటూ మన నెత్తినే పెడతారు. "పుట్టింటికి డబ్బు పంపట్లేదని ఏమిటి నమ్మకం?" అన్నారనుకోండి. సంజాయిషీ మొదలుపెట్టామో, తెల్లార్లూ చెప్పుకుంటూనే ఉండాలి. గొంతు పెంచకుండా, "అలా ఎందుకనిపించింది అత్తయ్యా? ఎవరైనా ఏమైనా చెప్పారా?" అని అడగండి. ఫలానా సంగతని చెబితే దానికి జవాబివ్వండి. చెప్పకపోతే, "తెలిసినప్పుడు చెప్పండి, మాట్లాడుకుందాం" అని మీ పనిలో పడండి.

ఇక ఫోన్లో వచ్చే కషాయాలు. "ఇది తాగితే షుగరు మాయం, మాత్రలక్కర్లేదు" అని ఆడపడుచు పంపుతుంది. నమ్మనంటే, "పనిచెయ్యదని డాక్టర్లు నిరూపించారా?" అంటుంది. నిరూపించకపోవడం వేరు, పనిచెయ్యడం వేరమ్మా! ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు దాన్ని నమ్మి సూది మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. తాగమన్నవాళ్లే ఏ పరీక్షల్లో తేలిందో చెప్పాలి. అలాగని మనం "అది ఉత్త విషం" అని దబాయిస్తే, అప్పుడు చూపించాల్సింది మనమే.

కోర్టు పద్ధతీ ఇదే. అన్నవాళ్లే రుజువు చెయ్యాలని 1872 నాటి సాక్ష్య చట్టం 101వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియంలో ఆ మాటే 104వ సెక్షన్‌లో ఉంది. అయితే ఒకచోట బరువు అవతలివైపు మారుతుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అసహజంగా చనిపోయి, అందుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించారని తేలితే, ఆ వేధించినవారే చావుకు కారకులని కోర్టు భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది వాళ్లే. 1986లో తెచ్చిన నిబంధన ఇది. నాలుగు గోడల మధ్య జరిగినదానికి కన్నవాళ్లు సాక్షిని ఎక్కణ్ణుంచి తెస్తారు మరి! కాకపోతే ఆ వేధింపు జరిగిందని ముందు చూపించాల్సింది మనవైపువాళ్లే. అందుకే అమ్మాయి ఏడుస్తూ పంపిన ఉత్తరమైనా, ఫోన్లో మెసేజైనా, "సర్దుకుపోతుందిలే" అని చెరిపెయ్యకండి. తేదీతో సహా దాచండి.