మత్తు డాక్టరు దగ్గర దాచవద్దు



"అయ్యగారూ, మా నాయనకు కాళ్లు చేతులు పడిపోయినయి. పెద్దన్నకూ అదే జబ్బు. ఇప్పుడు నాకు గర్భసంచి ఆపరేషను అంటున్నరు. మత్తు ఇస్తే నాకూ అట్లనే అయితదేమో?"

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాలలో ఇటువంటి ప్రశ్న ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉంటుంది. ప్రార్థన చేయమంటారు, చేస్తాము. అయితే "ఈ సంగతి డాక్టరుకు చెప్పారా?" అని అడిగితే తల వంచుకుంటారు. చెబితే ఆపరేషను చేయరని ఒక భయం. ఊరికి తెలిస్తే పిల్లకు సంబంధం రాదని ఇంకొక భయం. రెండవదే పెద్దదని నా అనుమానం.

పుట్టుగుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగారు. ఇద్దరూ కారని ప్రభువు చెప్పాడు. మన వాకిళ్లలో మాత్రం ఆ ప్రశ్న ఇంకా ఆగలేదు.

వంశంలో వచ్చే జబ్బును ఆపరేషను పుట్టించదు. అయితే ఏ మత్తు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో ఆ జబ్బునుబట్టి మారవచ్చు. కండలు క్షీణించే కొన్ని జబ్బులలో, అందరికీ ఇచ్చే మందే గుండెను ఆపివేయగలదు.

1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యులు ఒక సంగతి ప్రచురించారు. కాలు విరిగిన 21 ఏండ్ల విద్యార్థి కాలికంటె మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. అతని బంధువులలో పదిమంది మత్తులోనే చనిపోయారు. అతడు నోరు విప్పి చెప్పాడు. వేరొక మందు ఇచ్చినా ఒళ్లు కాలిపోసాగింది. వైద్యులు మెలకువగా ఉన్నారు గనుక వెంటనే మత్తు ఆపి, ఒంటిచుట్టూ మంచు పెట్టి బ్రదికించారు. ఆ కుటుంబంవల్లనే లోకానికి ఆ జబ్బు తెలిసింది.

అంత దూరం పోనక్కరలేదు. మన వైశ్య కుటుంబాలు కొన్నింటిలో సక్సినైల్ కోలిన్ అనే మందును విరగగొట్టే పదార్థం రక్తంలో ఉండదు. అందుకు కారణమైన జన్యువు మార్పును 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కండలను సడలించే ఆ మందు ఇతరులకు కొద్ది నిమిషాలలో దిగిపోతుంది. వీరికి గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు. ఇది నరాల జబ్బు కాదు, మామూలు రోజులలో ఏ లోటూ కనబడదు. ముందే తెలిస్తే ఆ మందు మానివేస్తారు. తెలియక ఇచ్చినా, మందు దిగేవరకు యంత్రంతో ఊపిరి అందిస్తే మనిషి లేచి కూర్చుంటాడు.

ఇంటిల్లిపాదికీ వచ్చినదంతా రక్తములోనిది కాదు సుమా. పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి, వెన్ను బిగుసుకొని, వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడినవారి సంగతి డాక్టరు సిద్దిఖీ 1955లోనే వ్రాశారు. తండ్రీ కొడుకులు వంగిపోతే వంశమని, శాపమని అనుకున్నారు. బావి ఒకటే! అదికూడా మత్తు డాక్టరుకు తెలియాలి. మెడ వంగకపోతే గొంతులో గొట్టం వేయడం కష్టం, వెన్ను గట్టిపడితే నడుములో సూది దిగదు.

వైద్యులను ఆశ్రయించిన ఆసా రాజును చూపించి కొందరు విశ్వాసులు ఆసుపత్రినే తప్పుపడతారు. వైద్యుడైన లూకా పౌలుకు ప్రియుడని వారు మరచిపోతారు.

కనుక ఒక కాగితం తీసుకొనండి. ఇంటిలో ఎవరికి, ఏ వయస్సులో, ఏ జబ్బు మొదలైనదో, ఏ ఆపరేషనులో ఎవరికి ఇబ్బంది కలిగినదో, ఇప్పుడు వాడుతున్న మాత్రలేవో వ్రాయండి. మూర్ఛ మాత్రలు, వణుకుడు జబ్బు మాత్రలు ఆపరేషను నాడు కడుపు ఖాళీగా ఉండాలని మీ అంతట మీరే మానవద్దు. గుక్కెడు నీళ్లతో ఏవి వేసుకోవాలో డాక్టరే చెబుతారు. పదిమందిలో చెప్పడానికి సిగ్గయితే తలుపు వేసి చెప్పండి. ఆ మాట మీ ఊరికి మోయడం వైద్యునికి తగదు. కాగితం వ్రాసేముందు మేనత్తలను, పెద్దమ్మలను అడగండి. ఆపరేషను బల్లమీద ఎవరు కష్టపడ్డారో వారికే గుర్తుంటుంది.